మన మిద్దెతోట వేదికకు వచ్చిన ప్రాయోజిత పోస్టుల ప్రతిపాదన: ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నిర్వాహక బృందం తరఫున, కాకినాడ నుంచి

సభ్యులందరికీ నమస్కారం. మన వేదిక మొదలై ఎనిమిదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఇక్కడ ప్రకటన అన్నది ఒక్కటీ కనిపించలేదు. అలా ఉండాలని మేము ఎన్నడూ తీర్మానం చేసుకోలేదు. మిద్దె మీద పది కుండీలతో మొదలుపెట్టిన కొందరం ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోవడానికి ఏర్పాటు చేసుకున్న చోటు గనుక, ఇక్కడ అమ్మకానికి ఏముంటుందన్న ఆలోచనే మాకు రాలేదు. ఇప్పుడు ఆ ఆలోచన బయటి నుంచి వచ్చింది.

మొక్కల ఎరువులు, పురుగుమందులు తయారుచేసే ఒక కంపెనీ తరఫున గత నెలలో మాకు ఉత్తరం అందింది. అందులో రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది పేజీ పైభాగంలో వారి ప్రకటన బొమ్మ పెట్టడం. రెండవది నెలకు నాలుగు చొప్పున ఏడాది పాటు ప్రాయోజిత పోస్టులు వేయడం. వాటిలో ఏమి ఉండాలో కంపెనీయే రాసి పంపుతుంది, ఫొటోలు మనం తీసుకోవాలి, పోస్టు మాత్రం మన పాత సభ్యుల పేరుతో, వారు రోజూ రాసే తీరులోనే రావాలి. ‘ప్రకటన’ అన్న మాట పైన కనిపిస్తే చదివేవారు దాటిపోతారు గనుక అది అక్కరలేదని కూడా ఉత్తరంలో స్పష్టంగానే రాశారు. మొదటి దానికి ఇస్తామన్న మొత్తం మన సర్వరు అద్దెలో మూడో వంతుకైనా చాలదు. రెండవ దానికి ఇస్తామన్న మొత్తంతో ఏడాది అద్దె, ఫొటోలు దాచే స్థలానికి అయ్యే ఖర్చు తీరి, ఇంకా కొంత మిగులుతుంది.

ఖర్చు సంగతి మీ దగ్గర దాచవలసినది కాదు. ఆకు మీద మచ్చ కనిపించినా, మొగ్గ రాలినా ముందు ఫొటో పెట్టమని మనమే అడుగుతాం, ఆ ఫొటోలే ఏటేటా అద్దెను పెంచుతున్నాయి. ఇప్పటిదాకా ఈ భారాన్ని ముగ్గురం పంచుకుంటున్నాం. మాలో ఒకరు నిరుడు ఉద్యోగ విరమణ చేశారు, ఆయనను ఇంకా అడగడం మాకు బాగా అనిపించడం లేదు.

మరొక విషయం కూడా చెప్పాలి. ఈ ఉత్తరం రాకముందే, మాకు తెలియకుండానే, ఇటువంటి సిఫారసులు మన మధ్యకు వచ్చేశాయి. వేసవిలో ఒక కొత్త సభ్యురాలు మందారానికి పిండినల్లి పురుగు పట్టిందని అడిగితే, ఎన్నో ఏళ్లుగా అందరికీ సాయం చేస్తున్న సభ్యులు ఒకరు ఒక సీసా పేరు చెప్పారు. ఆమె దాన్ని కొని మందారంతో పాటు పక్కనున్న మిరప నారు మీద కూడా చల్లారు. మూడు రోజుల్లో ఆకులు మాడి రాలిపోయాయి. ఆ సీసాలు తనకు ఉచితంగా వచ్చాయని తరువాత ఆయనే మాతో చెప్పారు. ఆయన అబద్ధం ఆడలేదు, తన తోటలో అది పనిచేసిందనే నమ్మి చెప్పారు. అయినా, “ఉచితంగా వచ్చిందని ముందే తెలిసి ఉంటే ఒక్క కొమ్మ మీద చల్లి చూసేదాన్ని” అని ఆమె అన్న మాట నన్ను వదలడం లేదు.

ఈ రెండు ప్రతిపాదనల్లో దేనినైనా ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఏ కట్టుబాట్లతో? ఒప్పుకోకపోతే ఖర్చుకు దారి ఏమిటి? తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.


సమాధానం: హైదరాబాదు నుంచి, కంప్యూటర్ రంగంలో పనిచేసి విరమించిన సభ్యుడు

ముందుగా ఈ ఉత్తరం సంగతి మా ముందు పెట్టినందుకు కృతజ్ఞతలు. మాకు చెప్పకుండానే మీరు సంతకం చేసి ఉండవచ్చు. అలా చేసిన వేదికలు ఏమయ్యాయో నేను దగ్గర నుంచి చూశాను గనుక కొంచెం పొడుగుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

లైవ్‌జర్నల్ అనే సైటును 1999లో అమెరికాలో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే విద్యార్థి ప్రారంభించారు. జనం అక్కడ డైరీలు రాసుకునేవారు, ఒకే అభిరుచి ఉన్నవారు కలిసి సముదాయాలుగా ఏర్పడేవారు. సైటులో ప్రకటనలు ఉండవన్న హామీ సభ్యులకు రాతపూర్వకంగానే ఉండేది. 2005 జనవరిలో సిక్స్ అపార్ట్ అనే కంపెనీ దాన్ని కొన్నది. 2006 ఏప్రిల్‌లో, ప్రకటనలు చూడటానికి ఒప్పుకునేవారికి కొన్ని అదనపు సౌకర్యాలు ఇస్తామంటూ కొత్త రకం ఖాతా తెచ్చారు. ఇష్టమున్నవారికే కదా, అభ్యంతరమేముందని చాలామంది ఊరుకున్నారు. 2007 డిసెంబరులో సైటు మళ్లీ చేతులు మారి రష్యాకు చెందిన సూప్ అనే సంస్థకు వెళ్లింది. 2008 మార్చి నాటికి, కొత్తగా చేరేవారికి ప్రకటనలు లేని ఉచిత ఖాతా ఇవ్వడమే ఆపేశారు. సభ్యులు ఒక రోజంతా ఏమీ రాయకుండా నిరసన తెలిపారు. రెండేళ్ల కిందట ‘ఇష్టమున్నవారికే’ అన్నది అప్పటికి ‘అందరికీ’ అయింది. అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారు 2009లో డ్రీమ్‌విడ్త్ అనే సైటు పెట్టి, ప్రకటనలు ఒక్కటీ లేకుండా, కట్టగలిగిన సభ్యులు కట్టే డబ్బుతో నడుపుకుంటూ వస్తున్నారు.

దీనికి భిన్నమైనది మెటాఫిల్టర్. అది కూడా 1999లోనే మొదలైంది. 2004 నుంచి అందులో చేరాలంటే ఒక్కసారి ఐదు డాలర్లు కట్టాలి. ఏదో అమ్ముకుపోదామని వచ్చేవారిని గడప దగ్గరే ఆపడానికి ఆ చిన్న మొత్తం ఎంతో పనికివచ్చింది. ప్రకటనలు ఉండేవి కానీ, అవి ప్రధానంగా గూగుల్‌లో వెతికి వచ్చిన బయటివారికి కనిపించేవి. ఇది మంచి ఏర్పాటని నేను కూడా మెచ్చుకున్నాను. అయితే 2012 నవంబరులో గూగుల్ వెతుకులాటలో ఏదో మార్పు జరిగి, ఆ సైటుకు వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ప్రకటనల ఆదాయమూ దానితోపాటు పడిపోయింది. 2014 మే నాటికి జీతానికి పనిచేసే నిర్వాహకుల్లో కొందరిని తీసివేయవలసి వచ్చింది. అప్పుడు ఆదుకున్నది సభ్యుల చందాలే. అంటే వారు ప్రకటనలను ఎంత మర్యాదగా పెట్టినా, ఇల్లు గడవడం పరాయివారి చేతిలోనే ఉండిపోయింది. మన సర్వరు అద్దె మొత్తం ఒకే కంపెనీ సొమ్ముతో కట్టడం మొదలుపెడితే మన పరిస్థితి ఇంతకన్నా బలహీనంగా ఉంటుంది. ఏడాది తరువాత వారు కొత్త షరతు పెడితే కాదనే ధైర్యం మనకు ఉంటుందా?

మరొక ఉదాహరణ చిన్నదే కానీ నాకు ఇష్టమైనది. 2002 ఫిబ్రవరిలో వికీపీడియాలో ప్రకటనలు రావచ్చునన్న సూచన బయటపడగానే, స్పానిష్ వికీపీడియాలో రాసేవారిలో చాలామంది విడిపోయి సెవిల్లే విశ్వవిద్యాలయం ఆసరాతో తమ సొంత విజ్ఞాన సర్వస్వాన్ని ప్రారంభించారు. అప్పటికి ఒక్క ప్రకటన కూడా రాలేదు, వస్తుందన్న మాటకే వారు లేచి వెళ్లారు. ఆ తరువాత వికీపీడియా ప్రకటనల జోలికి పోలేదు. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా ఈ రోజుకీ ప్రకటన లేకుండా ఉండటం వెనుక ఆనాటి పట్టుదల కూడా ఉందని నేను నమ్ముతాను.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు. పేజీ పైన చట్రం గీసి, ‘ప్రకటన’ అని పెద్ద అక్షరాలతో రాసి బొమ్మ పెడితే నేను అభ్యంతరం చెప్పను. అది గోడ మీది పోస్టరు వంటిది, చూసినవారికి అది ఏమిటో తెలుస్తుంది. రెండవ ప్రతిపాదన మాత్రం ఏ కట్టుబాటుతోనూ వద్దు. అందులో వారు కొంటున్నది మన పేజీలో చోటు కాదు, ఒక పాత సభ్యుడి పేరు చూడగానే కొత్తవారికి కలిగే నమ్మకాన్ని. ఆ నమ్మకం ఎనిమిదేళ్లుగా వందలమంది ఇచ్చిన జవాబులతో ఏర్పడింది. అందరూ కలిసి కూడబెట్టినదాన్ని అమ్మే హక్కు ఏ ఒక్కరికీ, నిర్వాహకులకు కూడా, లేదు.


సమాధానం: విజయవాడ నుంచి, న్యాయవాది

పై సభ్యులు ధర్మం చెప్పారు గనుక నేను చట్టం వరకే రాస్తాను.

2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి 2022 జూన్ 9న మార్గదర్శకాలు ప్రకటించింది. ఒక వస్తువును మెచ్చుకునే వ్యక్తికి, దాన్ని అమ్మేవారికి మధ్య ఆర్థిక సంబంధం ఉండి, చదివేవారు దాన్ని ఊహించలేని స్థితిలో ఉంటే, ఆ సంబంధాన్ని పూర్తిగా వెల్లడించాలని అవి చెబుతున్నాయి. ఆ తరువాత 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరింత వివరమిచ్చింది. డబ్బు మాత్రమే సంబంధం కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, తగ్గింపు ధర, బహుమతి, ప్రయాణ ఖర్చు, ఉద్యోగం, చుట్టరికం అన్నీ సంబంధాలే. ఆ లెక్కన ఉచితంగా వచ్చిన ఆ సీసాల సంగతి కూడా ముందే చెప్పవలసినదే. వెల్లడి చేసే మాట సిఫారసులోనే, కంటికి స్పష్టంగా కనిపించేలా, సిఫారసు ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. కాబట్టి తెలుగు పోస్టు అడుగున, హ్యాష్‌ట్యాగుల గుంపులో, ఒక ఇంగ్లీషు పొట్టి అక్షరం దూర్చితే సరిపోదు. ప్రకటనల రంగం తనకు తాను ఏర్పరచుకున్న ఆస్కీ మండలి కూడా 2021లోనే సోషల్ మీడియా ప్రచారకులకు ఇటువంటి నియమాలనే పెట్టింది.

ఆ కంపెనీ ఉత్తరానికి సూటిగా తగిలేది మాత్రం 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు. వినియోగదారులను మభ్యపెట్టే పదమూడు పద్ధతులను అందులో పేర్కొన్నారు. ప్రకటనను సామాన్య సభ్యులు రాసిన పోస్టులాగానో, వార్తలాగానో ముసుగు వేసి చూపించడం వాటిలో ఒకటి. ‘ప్రకటన అన్న మాట అక్కరలేదు’ అని వారు రాసింది సరిగ్గా దీనినే. ప్రకటన అని తెలియజేసే బాధ్యత ముందుగా ఆ పోస్టు పెట్టించే అమ్మకందారు మీద ఉంటుంది, నిజమే. కానీ డబ్బు తీసుకుని, సభ్యుల పేర్లు ఇచ్చి, మాట దాచిపెట్టడానికి ఒప్పుకున్న తరువాత ‘మాకేమీ తెలియదు’ అని మనం అనలేము. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుకే కాక, దాన్ని సిఫారసు చేసినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం పైన చెప్పిన కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. కంపెనీ పంపిన మాటల కింద తన పేరు పెట్టుకునే మన పాత సభ్యుడు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

మన విషయంలో మరొక జాగ్రత్త కూడా అవసరం. పురుగుమందు చీర కాదు, సబ్బు కాదు. 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదైన మందుకు ఏ పంటపై, ఏ పురుగుకు, ఎంత మోతాదు అన్నది నిర్ణయమై ఉంటుంది. విషతీవ్రతను బట్టి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఒకటి ఉంటుంది. చల్లిన తరువాత ఎన్ని రోజులు ఆగి కోయాలో కూడా చూసుకోవాలి. మొక్కలకు బలం ఇస్తాయంటూ అమ్మే బయోస్టిమ్యులెంట్లను కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. మిద్దె మీది పాలకూర మీద సాయంత్రం మందు చల్లి పొద్దున్నే కోసి పిల్లలకు వండిపెట్టే ఇళ్లు మనవి. అనుభవం అన్న పేరుతో అచ్చయిన ప్రకటనను నమ్మి ఎవరైనా ఆ పని చేస్తే, దాని పర్యవసానం జరిమానాతో తీరేది కాదు.


సమాధానం: అనంతపురం జిల్లా నుంచి, నాటు విత్తనాలు దాచే సభ్యురాలు

నేను ఈ వేదికలో విత్తనాలు అమ్ముకుంటాను. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరు నిర్ణయించుకోవాలి. బీర, సొర, చెట్టు చిక్కుడు, నాటు టమాటా విత్తనాల గురించి ఎవరైనా అడిగితే, జవాబులో ‘ఇవి నేను అమ్మే విత్తనాలే, ఇంకెక్కడైనా దొరికితే అక్కడే తీసుకోండి’ అని ప్రతిసారీ రాస్తున్నాను. అలా రాసినందుకు నా అమ్మకం ఎప్పుడూ తగ్గలేదు.

హైదరాబాదు సభ్యుడు గారు పేజీ పైన బొమ్మ పెట్టుకోవచ్చన్నారు. ఆయన చెప్పిన మిగతా మాటలన్నీ ఒప్పుకుంటూనే, ఇక్కడ మాత్రం నాకు సందేహం ఉంది. ఆ బొమ్మ పేజీ పైన ఉన్నప్పుడు, కింద ఒకరు ‘ఈ మందు చల్లితే నా మందారం మాడిపోయింది’ అని రాస్తే నిర్వాహకుల చేయి ఒక్క క్షణం ఆగదా? తీసివేయకపోవచ్చు. కానీ ‘కంపెనీ పేరు రాయకండి’ అని సున్నితంగా చెప్పాలనిపిస్తుంది. ‘రెండు రోజులు ఆగి వేద్దాం’ అనిపిస్తుంది. పిండినల్లికి ముందు వేగంగా నీళ్లు కొట్టి కడగండి, పట్టిన కొమ్మలు తుంచెయ్యండి, తరువాత వేపనూనెలో కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట చల్లండి అని మన పెద్దలు ఇన్నాళ్లుగా చెబుతున్నారు. ఆ సలహాకు డబ్బు ఇచ్చేవారు ఎవరూ లేరు. ఆవు పేడ, మూత్రంతో ఇంట్లోనే కలుపుకునే జీవామృతానికి కంపెనీ లేదు. డబ్బు ఇచ్చే మాట పైకి వెళుతూ ఉంటే, డబ్బు లేని మాట ఎవరూ అడ్డుకోకుండానే కిందికి జారిపోతుంది. నా భయమంతా దాని గురించే.

బొమ్మే పెట్టాలనుకుంటే పురుగుమందులకూ ఎరువులకూ వద్దు. కుండీలు, డ్రిప్పు గొట్టాలు, నీడవలలు, పార వంటి పనిముట్లకు మాత్రమే పరిమితం చేయండి. ఇంకొక సంగతి. నావంటి చిన్న అమ్మకందార్లు ఇక్కడ ఇరవైమందికి తక్కువ ఉండరు. ఆదివారం రోజు ఒక్క పేజీ మాకు ఇచ్చి, పైన ‘ఇది అమ్మకం పేజీ’ అని రాసి, ఒక్కొక్కరి దగ్గర నెలకు కొంత తీసుకోండి. ఒక కంపెనీ ఇచ్చే పెద్ద మొత్తం కన్నా ఇరవైమంది ఇచ్చే చిన్న మొత్తాలు మేలు. ఒకరు అలిగి వెళ్లిపోయినా సర్వరు ఆగదు.


సమాధానం: కరీంనగర్ నుంచి, ఒక సభ్యుడు

నేను రెండు మాటలే చెబుతాను. సభ్యత్వ రుసుము పెట్టాలన్న సూచన రాబోతున్నదని ఊహించి ముందే వేడుకుంటున్నాను, చదవడానికి గానీ ప్రశ్న అడగడానికి గానీ రుసుము పెట్టకండి. మా కాలనీలో పాత పెయింటు డబ్బాల్లో తోటకూర పెంచుతున్న కొందరు తల్లులు పిల్లల ఫోనుల్లో ఈ వేదికను చూసే నేర్చుకున్నారు, యాభై రూపాయలు అడిగినా వారు వెనక్కి పోతారు. ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఏడాది ఖర్చు ఎంత, ఇప్పటికి ఎంత వచ్చింది, ఇంకా ఎంత కావాలి అన్నది మొదటి పేజీలో పెట్టండి. ఎనిమిదేళ్లుగా ముగ్గురే భరిస్తున్నారని ఈ రోజు దాకా నాకు తెలియదు, తెలిసి ఉంటే ఎప్పుడో పంపేవాడిని.


ప్రశ్న అడిగిన నిర్వాహకురాలు, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను మేము ముగ్గురం కలిసి రెండుసార్లు చదువుకున్నాం. రెండవ ప్రతిపాదనను ఒప్పుకోలేమని ఆ కంపెనీకి నిన్న ఉత్తరం రాశాం, కారణం కూడా దాచకుండా రాశాం. మొదటి దానికి కూడా ప్రస్తుతానికి వద్దనే చెప్పాం. నిజం చెప్పాలంటే మా ముగ్గురిలో ఇద్దరం బొమ్మకు సుముఖంగానే ఉన్నాం. విత్తనాల అక్క అడిగిన ‘చేయి ఒక్క క్షణం ఆగదా’ అన్న ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేకపోయింది. ఎందుకంటే మందారం సంగతి ఇక్కడ రాసేటప్పుడు, ఆ సీసా పేరు రాయాలా వద్దా అని నేను అరగంట ఆలోచించి, చివరికి రాయలేదు. అప్పటికి మేము ఆ కంపెనీ దగ్గర రూపాయి కూడా తీసుకోలేదు.

ఖర్చు లెక్క రేపటి నుంచి మొదటి పేజీలో ఉంటుంది. చందా పూర్తిగా ఐచ్ఛికం. ఎవరు ఎంత ఇచ్చారన్నది బయటపెట్టం, ఇచ్చినవారికి ప్రత్యేక గుర్తు కూడా ఉండదు. న్యాయవాది గారు చెప్పిన ప్రకారం, ఏ వస్తువు పేరు చెప్పినా అది కొన్నదా, ఉచితంగా వచ్చిందా, తాము అమ్మేదా అన్నది జవాబు మొదటి వాక్యంలోనే తెలుగులో రాయాలన్న నియమం ఈ వారం నుంచి అమలులోకి వస్తుంది. పాత పోస్టులకు ఇది ఎలా వర్తిస్తుందని కొందరు అడిగారు. సీసాలు అందుకున్న సభ్యులు తమ పాత జవాబులన్నీ తామే వెతికి, ఒక్కొక్క దాని పైన ‘ఈ మందు నాకు ఉచితంగా వచ్చింది’ అని చేర్చడం మొదలుపెట్టారు. ఆ పని చేయమని మేము ఆయనను అడగలేదు.

ఆదివారం అమ్మకం పేజీ గురించి ఇంకా తేలవలసినవి ఉన్నాయి. ఏ వస్తువులు ఉండవచ్చు, నెలకు ఎంత, మొలకెత్తని విత్తనాల మీద ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలి అన్నవి నిర్ణయించాలి. విత్తనాల అక్కా, మీరు శనివారం లోపల ఒక చిత్తుప్రతి రాసి పెట్టగలరా? పురుగుమందులను మినహాయించాలన్న మీ మాటను అందులో మొదటి నియమంగా పెట్టండి.